సలూబ్రియస్ అంటే ఏంటి, హెల్తీకి దీనికి తేడా ఏంటి, ఉప్పుకీ దీనికీ చుట్టరికం ఉందా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: జీఆర్‌ఈకి చదువుతుంటే వర్డ్ లిస్టులో సలూబ్రియస్ అనే మాట తగిలింది, అర్థం హెల్తీ అని ఇచ్చారు, మరి హెల్తీ అనే మాట ఉండగా ఇది ఎందుకు, లాటిన్‌లో ఉప్పు అనే మాట నుంచి వచ్చిందని ఒక వీడియోలో చెప్పారు నిజమేనా, పైగా ఎస్‌ఓపీలో (యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు మన గురించి రాసిచ్చే వ్యాసం) "సలూబ్రియస్ అకడమిక్ ఎన్విరాన్‌మెంట్" అని రాసేశాను, ఉంచాలా తీసేయాలా అని.

ముందు సూటిగా చెప్పేస్తానండీ. సలూబ్రియస్ అంటే ఆరోగ్యంగా ఉన్నది అని కాదు, మనకి ఆరోగ్యం ఇచ్చేది అని. ఎక్కువగా చోటుకి, గాలికి, వాతావరణానికి వాడతారు. లాటిన్‌లో సలూస్ అనే మాట నుంచి వచ్చింది, ఉప్పుతో ఏ సంబంధమూ లేదు. ఎస్‌ఓపీలోది తీసేయండి, ఎందుకో చివర్లో చెప్తా. పరీక్ష దగ్గర్లో ఉన్నవాళ్ళకి ఇంతవరకు చాలు, తీరిక ఉన్నవాళ్ళు కిందకి రండి, ఈ మాట వెనక పెద్ద వంశవృక్షమే ఉంది, అందులో మనవాళ్ళు కూడా ఉన్నారు.

నేను చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లో జీఆర్‌ఈ, గ్రూప్స్ పిల్లలకి ఇంగ్లిష్ చెప్తున్నా, మధ్యమధ్యలో ట్రాన్స్‌లేషన్ పని కూడా చేస్తుంటా, పాత జిల్లా గెజిటీర్లు (జిల్లా వివరాలు రాసిపెట్టిన సర్కారు పుస్తకాలు), కోర్టు తీర్పులు అలాంటివి. లాటిన్ పట్టుకుంది ఈ వర్డ్ లిస్టుల పుణ్యమే, వేలకి వేలు మాటలు బట్టీ పట్టించడం కంటే వేర్లు చెప్పడం తేలిక కదా అని మొదలుపెట్టి అలా లోపలికి పోయా.

క్లాసులో ఈ మాటతో వాక్యం రాయమంటే చాలామంది రాసేది "మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ వెరీ సలూబ్రియస్" అని. తాతగారు ఎనభై దాటినా పొద్దున్నే పొలం దాకా నడిచి వస్తారు, నిజమే, ఆయన్ని హెల్తీ అనండి, హేల్ అనండి, సలూబ్రియస్ మాత్రం అనకూడదు. ఆయన ఉండే ఊరు సలూబ్రియస్, ఆ ఊరి గాలి సలూబ్రియస్. మనవాళ్ళు అంటారు చూడండి, "ఆ ఊరి నీళ్ళు వాడికి బాగా పడ్డాయే, బుగ్గలొచ్చాయి" అని, ఆ నీళ్ళు పడే గుణం ఉందే అదీ సలూబ్రియస్ అంటే. గాలి మార్పు కోసం వెళ్ళే చోటు ఎలా ఉండాలో చెప్పే మాట.

హెల్తీ అనే మాటేమో రెండు పనులు చేస్తుంది, ఒంట్లో బాగున్న మనిషినీ హెల్తీ అంటారు, ఒంటికి మంచి చేసే తిండినీ హెల్తీ అంటారు. కాస్త చాదస్తం ఉన్న ఇంగ్లిష్ మాస్టార్లు రెండో దానికి హెల్త్‌ఫుల్ అనాలని పట్టుబడతారు, జనం ఎవరూ వినరనుకోండి. సలూబ్రియస్ ఆ రెండో పని ఒక్కటే చేస్తుంది, అది కూడా తిండి జోలికి పెద్దగా పోదు, తిండికి హోల్‌సమ్, న్యూట్రిషస్ అని వేరే ఉన్నాయి. రాగి సంకటి సలూబ్రియస్ అంటే వ్యాకరణం తప్పని ఎవరూ అనరు గానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. పలకడం స-లూ-బ్రి-యస్, గట్టిగా పలకాల్సింది లూ, మనవాళ్ళు మొదటి స మీద బరువేసి సాలుబ్రియస్ అంటుంటారు, ఇంటర్వ్యూల్లో చూసుకోండి.

ఇంక లాటిన్ సంగతి. సలూస్ అంటే డిక్షనరీల్లో మొదట హెల్త్ అని ఉంటుంది, కానీ రోమన్లకి ఆ మాట పరిధి చాలా పెద్దది. రోగం తగ్గడం సలూస్, యుద్ధంలో ప్రాణాలతో బయటపడటం సలూస్, దేశం చల్లగా ఉండటం కూడా సలూసే. మనం క్షేమం అంటామే, ఇంచుమించు అంత వెడల్పు. రోమన్ రాజనీతిజ్ఞుడు సిసెరో "ప్రజల సలూసే అన్నిటికన్నా పెద్ద చట్టం కావాలి" అని రాశాడు, అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం ముద్ర మీద ఇప్పటికీ ఉన్న లాటిన్ వాక్యం అదే. కోవిడ్ టైంలో చాలామంది దాన్ని "ప్రజారోగ్యమే పరమ చట్టం" అని తిప్పి వాడుకున్నారు, సిసెరో ఆ మాటన్నది పాలించేవాళ్ళ బాధ్యతల గురించి చెప్తూ, జనం క్షేమం అనే అర్థంలో. ఫ్రెంచి విప్లవంలో 1793లో పెట్టిన కమిటీ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ ఉంది కదా, గిలెటిన్ల కాలం నాటిది, దాని ఫ్రెంచి పేరులో సేఫ్టీ అన్న చోట ఉన్న సలూ అనే మాట కూడా ఈ సలూసే. క్షేమం పేరు చెప్పి ఎంతమంది తలలు తీశారో చరిత్ర చదివినవాళ్ళకి తెలుసు.

రోమన్లు సలూస్‌ని దేవతగా కూడా కొలిచారు. రోమ్‌లో క్విరినల్ కొండ మీద ఆవిడకి గుడి, క్రీ.పూ. 302లో ప్రతిష్ఠ చేశారు, సామ్నైట్లనే పక్క జాతితో యుద్ధాలు జరుగుతున్నప్పుడు బుబుల్కస్ అనే సేనాని మొక్కుకున్న మొక్కు అది. తర్వాతి కాలపు నాణేల మీద ఆవిడ పాముకి గిన్నెలో తిండి పెడుతూ కనిపిస్తుంది, పాము వైద్యానికి గుర్తు కాబట్టి.

ఇప్పుడు ఒక చిన్న వ్యాకరణం సంగతి, ఇది తెలిస్తే సగం మాటలు వాటంతట అవే గుర్తుంటాయి. సలూస్ అనేది ప్రథమా విభక్తిలో రూపం, షష్ఠిలో అది సలూతిస్ అవుతుంది, ఎక్కడిదో త వచ్చి కూర్చుంటుంది. మనకిది కొత్తేం కాదు, నుయ్యి - నూతి, రాయి - రాతి, గొయ్యి - గోతి, వీటిల్లో మనం రోజూ చేసేది అదే. ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటల్లో త లేక ట వినపడితే (సెల్యూట్, సెల్యుటేషన్, సాల్యుటరీ) అవి ఈ సలూత్ అనే రూపం మీద కట్టినవి. సలూబ్రియస్ మాత్రం బ్రిస్ అనే ప్రత్యయం తగిలించుకుని సలూబ్రిస్ అయ్యి, అక్కడి నుంచి 16వ శతాబ్దం మధ్యలో ఇంగ్లిష్‌లోకి దిగింది. ఆ బ్రిస్ అనే తోకే లుగూబ్రిస్ అనే ఇంకో మాటకి కూడా ఉంది, లుగేరే అంటే శోకించడం, దాన్నుంచి వచ్చిందే మీ వర్డ్ లిస్టులో ఉండే లుగూబ్రియస్, ఏడుపుగొట్టు అని అర్థం. రెండూ ప్రాసలో ఉన్నాయి కాబట్టి పరీక్షలో కలిపేసుకునేవాళ్ళు ఎక్కువ, తోక ఒకటే, తల వేరు అని గుర్తు పెట్టుకుంటే చాలు.

సెల్యూట్ అన్నాను కదా. లాటిన్‌లో సలూతారే అంటే ఒకరికి సలూస్ కోరడం, అంటే పలకరించడం. కానిస్టేబుల్ ఎస్సై గారికి కొట్టే సెల్యూట్‌కి అసలు అర్థం "మీరు చల్లగా ఉండాలి" అని. రోమ్‌లో పెద్దమనుషుల ఇళ్ళ ముందు తెల్లారేసరికి వాళ్ళ మీద ఆధారపడ్డ జనం వరసకట్టి దండాలు పెట్టుకుని, ఆ రోజుకి ఇంత తిండో డబ్బో పట్టుకుపోయేవాళ్ళు, ఆ తతంగానికి పేరు సలూతాతియో. మన ఎమ్మెల్యేల ఇళ్ళ ముందు పొద్దున్నే కనపడే సీనే, పెద్ద తేడా ఏం లేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వాళ్ళ ఉత్తరాల సంగతి. రోమన్ ఉత్తరం "ఫలానా వాడు ఫలానా వాడికి సలూతెం చెప్తున్నాడు" అని మొదలవుతుంది, ఇది ఎంత మామూలైపోయిందంటే సలూతెం దీకిత్ అనే రెండు మాటలకి ఎస్, డి అని రెండక్షరాలు మాత్రం గీకి వదిలేసేవాళ్ళు. దాని తర్వాత పాతకాలం వాళ్ళు ఇంకో వాక్యం కూడా పెట్టేవాళ్ళని సెనెకా అనే రోమన్ తత్వవేత్త తన ఉత్తరంలో ఒకచోట చెప్తాడు, "నువ్వు బాగుంటే మంచిది, నేను బాగున్నాను" అని. ఇది చదివినప్పుడు మా నాయనమ్మ రాయించే ఇన్‌లాండ్ లెటర్లు గుర్తొచ్చాయి, "ఉభయకుశలోపరి, మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను" లేకుండా ఆవిడ ఉత్తరం మొదలయ్యేది కాదు. ఇటలీలో ఎవరైనా తుమ్మితే ఇప్పటికీ సలూతే అంటారు, స్పెయిన్‌లో సలూద్, మనం చిరంజీవ అన్నట్టే.

సలూస్‌కి తోబుట్టువు లాంటి మాట ఇంకోటి ఉంది, సాల్వుస్, అంటే దెబ్బ తగలకుండా పూర్తిగా ఉన్నది. సేఫ్, సేవ్, సాల్వేజ్, సాల్వేషన్ అన్నీ దీని పిల్లలే, కొన్ని ఫ్రెంచి మీదుగా నలిగి వచ్చాయి కాబట్టి ల ఎగిరిపోయి సేఫ్ అయింది. ఫైల్ సేవ్ చేశావా అని అడిగిన ప్రతిసారీ మీరు లాటిన్ మాట్లాడుతున్నట్టే. వంటల్లో వాడే సేజ్ అనే ఆకు పేరు కూడా ఇదే, లాటిన్‌లో సాల్వియా, రోగం తగ్గించే మొక్క అని. (జ్ఞాని అనే అర్థంలో ఉండే సేజ్ వేరు, అది సాపెరే అనే మాట నుంచి.) సాల్వర్ అని వెండి పళ్ళెం ఉంటుంది చూడండి, పెద్ద హోటళ్ళలో బిల్లు పెట్టి తెచ్చేది, దాని కథ ఇంకా బాగుంటుంది: స్పెయిన్‌లో రాజుగారికి పెట్టే తిండిలో విషం ఉందేమో అని ముందు ఒక నౌకరు రుచి చూసేవాడు, ఆ రుచి చూసే పనికి పేరు సాల్వా, అంటే రాజు ప్రాణం కాపాడటం అన్నమాట, రుచి చూశాక ఆ తిండిని పెట్టి తెచ్చే పళ్ళేనికి ఇంగ్లిష్‌వాళ్ళు సాల్వర్ అని పేరు పెట్టుకున్నారు.

మన చుట్టరికం దగ్గరికి వస్తా. సలూస్, సాల్వుస్ ఈ రెండిటి వేరు అర్థం పూర్తిగా, ఏ లోటూ లేకుండా ఉండటం. ఇదే వేరు నుంచి సంస్కృతంలో వచ్చిన మాట సర్వ. అవును, సర్వం, సర్వర్, సర్వీస్‌లలో మొదటిది మాత్రమే అండీ, తర్వాతి రెండూ వేరే ఇంటివి. సాల్వుస్‌లో ల ఉన్న చోట సర్వలో ర ఉంది, లాటిన్, సంస్కృతం రెండూ పుట్టిన ఆ పాత భాషలో ల ఉన్నచోట సంస్కృతం, ఇరానీ భాషలు చాలాసార్లు ర పలికాయి. సర్వ అంటే మనం ఇప్పుడు అన్నీ అనే అర్థంలోనే వాడుతున్నాం గానీ పాత అర్థం చెక్కుచెదరకుండా మొత్తంగా ఉన్నది అని, ఋగ్వేదంలో సర్వతాతి అని ఒక మాట ఉంది, సంపూర్ణత, క్షేమం అనే అర్థంలో వస్తుంది, అంటే అక్కడ మన సర్వ సలూస్ చేసే పనే చేస్తోంది. గ్రీకు, పారసీకం ఇంకో అడుగు వేశాయి, మొదట్లో ఉన్న సని హగా మార్చేశాయి. సప్త ఎలా అయితే గ్రీకులో హెప్తా, పారసీకంలో హఫ్త్ అయ్యిందో (మనం కట్టే హఫ్తా అదే, ఏడురోజులు), అలాగే ఈ మాట గ్రీకులో హోలోస్, పారసీకంలో హర్ అయింది. హోలోస్ నుంచి హోలిస్టిక్, కేథలిక్. హర్ అయితే చెప్పక్కర్లేదు, పాతబస్తీలో "హర్ రోజ్ యహీచ్ హై" అన్నప్పుడు ఆ హర్ అదే. ఇంగ్లిష్ క్లాసులో సలూబ్రియస్ దగ్గర మొదలుపెట్టి చార్మినార్ దగ్గర తేలతాం, పిల్లలు నవ్వుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంగ్లిష్‌లో హోల్ (మొత్తం అనే హోల్), హెల్త్, హీల్, హోలీ, హేల్ ఇవన్నీ ఒక ఇంటివే, కానీ అది జర్మానిక్ ఇల్లు (ఇంగ్లిష్, జర్మన్ లాంటి భాషల కుటుంబం), సలూస్ ఇంటికి సంబంధం లేదు. గ్రీకు హోలోస్, ఇంగ్లిష్ హోల్ రెండూ ఒకేలా వినపడతాయి, అర్థం కూడా ఒకటే, అయినా చుట్టాలు కాదు. ఇంగ్లిష్ హోల్ స్పెల్లింగ్ ముందున్న డబ్ల్యూ అయితే 15వ శతాబ్దంలో ఎవరో తగిలించింది. ఒకేలా వినపడ్డాయి కదా అని మాటలకి పెళ్ళిళ్ళు చేసెయ్యకూడదని నేను ఊరికే మొత్తుకోను.

అందుకే మీరు చూసిన ఆ వీడియో. ఉప్పుకి లాటిన్‌లో సాల్. సాలరీ, సలాడ్, సాసేజ్, సలైన్ ఇవి ఉప్పు పిల్లలు. సలూస్ వేరు, సాల్ వేరు, మొదటి రెండక్షరాలు కలిశాయంతే. రోమన్ సైనికులకి జీతం ఉప్పు మూటల్లో ఇచ్చేవారనే కథ కూడా అందరూ చెప్పేదే, సలారియుం అనే మాట ఉప్పు నుంచి వచ్చిందని ప్లీనీ అనే రోమన్ రచయిత రాసిన మాట వాస్తవం, కానీ ఉప్పే జీతంగా చేతిలో పెట్టారని రోమన్ రచయితలెవరూ రాయలేదు. సేలియెంట్, సలేషియస్ వీటిది మూడో ఇల్లు, సలీరే అంటే గెంతడం.

మళ్ళీ అసలు మాటకి. సలూబ్రిస్ అనేది రోమన్ల నోట్లో అచ్చంగా రియల్ ఎస్టేట్ మాట, నేను సరదాకి అనట్లేదు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో అనే ముసలాయన వ్యవసాయం మీద పుస్తకం రాశాడు, మొట్టమొదటి అధ్యాయమే పొలం కొనేటప్పుడు ఏం చూడాలి అని. కొండ అడుగున ఉండాలి, దక్షిణం వైపు చూస్తుండాలి, చోటు సలూబ్రిస్ అయ్యుండాలి, కూలీలు దొరకాలి, నీళ్ళుండాలి, దగ్గర్లో మంచి పట్నం ఉండాలి. ఇప్పటి బ్రోకర్ చెప్పే లిస్టుకి దీనికి ఏమన్నా తేడా ఉందా చెప్పండి.

క్రీ.పూ. 37 ప్రాంతంలో వారో అనే ఇంకో పెద్దాయన, అప్పటికి ఎనభై ఏళ్ళ మనిషి, ఇంకొంచెం ముందుకెళ్ళాడు. బురద నేలల దగ్గర ఇల్లు కట్టకండి, కంటికి కనపడని పురుగులు అక్కడ పుట్టి గాల్లో తేలుతూ నోట్లోంచి ముక్కులోంచి ఒంట్లోకి పోయి మొండి రోగాలు తెస్తాయి అని రాశాడు. మైక్రోస్కోప్ లేని కాలంలో ఆ ముక్క రాశాడు. అదే చోట ఒక హాస్యం కూడా ఉంది, ఒకతను అడుగుతాడు, "అలాంటి రోగిష్టి పొలం నాకు వారసత్వంగా వస్తే ఏం చెయ్యను?" అని, పక్కాయన జవాబు, "ఎంతకొస్తే అంతకి అమ్మెయ్, పోకపోతే వదిలేసి పో". విట్రువియస్ అనే ఆర్కిటెక్ట్ అయితే ఊరు కట్టాలంటే మొదటి పని సలూబ్రిస్ చోటు వెతకడం అంటాడు, పూర్వం వాళ్ళు ఎలా పరీక్ష చేసేవాళ్ళో కూడా చెప్పాడు: ఆ చోట మేసిన పశువుల్ని బలిచ్చి కాలేజం చూసేవాళ్ళట, రంగు మారి కమిలినట్టుంటే ఇంకో రెండు మూడు చూసి, అన్నీ అలాగే ఉంటే అక్కడి నీళ్ళూ మేతా మంచివి కావని మూటాముల్లె సర్దుకుని వేరే చోటికి పోయేవాళ్ళు. సాయిల్ టెస్ట్ లాంటిదే అనుకోండి.

సిసెరో ఈ మాటతో ఒక చురక కూడా వేశాడు. నేపుల్స్ దగ్గర బాయియే అని సముద్రం ఒడ్డున వేడినీళ్ళ బుగ్గలుండే ఊరు, డబ్బున్నవాళ్ళ విలాసాలకి పేరు. తన మాజీ అల్లుడు డోలబెల్లా అక్కడి నుంచి ఉత్తరం రాస్తూ ఈ ఊరు ఈమధ్య సలూబ్రిస్ అయిందని రాస్తే, సిసెరో జవాబు: బాయియేకి నా అభినందనలు, ఉన్నట్టుండి ఆరోగ్యకరం అయిపోయిందన్నమాట, లేకపోతే నువ్వంటే ఇష్టం కొద్దీ నిన్ను మెప్పించడానికి నువ్వున్నన్నాళ్ళూ తన స్వభావం మర్చిపోయిందేమో. ఇంత తేనె పూసి అల్లుడికి వాత పెట్టడం ఆయనకే చెల్లింది.

రోమన్లు భయపడింది ఏదో గాలికి కాదు, మలేరియాకి. ఆ మాటే ఇటాలియన్‌లో మాలా ఆరియా, చెడ్డ గాలి, అంటే సలూబ్రిస్‌కి సరిగ్గా తిరగేసిన మాట. శతాబ్దాల తరబడి బురదల మీంచి వచ్చే గాలే రోగమని అందరూ నమ్మారు. ఆ నమ్మకానికి గట్టి దెబ్బ పడింది మన దగ్గరే, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టరు దోమ కడుపు కోసి చూసి అందులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నాడు, 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పని చేసిన భవనం ఇప్పటికీ ఉంది, ఆయన పేరుతోనే. తప్పు గాలిది కాదు, దోమది అని తేలాక కూడా సలూబ్రియస్ ఎయిర్ అనే మాట మాత్రం ఇంగ్లిష్‌లో అలాగే ఉండిపోయింది.

బ్రిటిష్ కాలం గెజిటీర్లు తెలుగు చేస్తున్నప్పుడు ఈ మాట ఎన్నిసార్లు తగిలిందో చెప్పలేను. మదనపల్లె వైపు, హార్స్‌లీ హిల్స్ వైపు లాంటి ఎత్తు ప్రాంతాలొస్తే సలూబ్రియస్, గోదావరి ఏజెన్సీ వస్తే ఫీవరిష్. ఏజెన్సీకి పోస్టింగ్ అంటే దొరలు వణికేది మన్యం జ్వరానికే. మదనపల్లె పక్కన క్షయ రోగుల కోసం శానటోరియం పెట్టి ఆ ఊరికి ఆరోగ్యవరం అని పేరు పెట్టారు చూడండి, అప్పట్లో టీబీకి మందు లేదు, పొడి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే వైద్యం, కాబట్టి చోటు సలూబ్రియస్సా కాదా అన్నది ప్రాణాలకి సంబంధించిన ప్రశ్న. నేను తెలుగులో దీన్ని "ఒంటికి పడే" అని రాస్తే ఎడిటర్ గారు కొట్టేసి "ఆరోగ్యదాయకమైన" అని పెట్టేవారు, ఇద్దరం చివరిదాకా రాజీపడలేదు.

ఇప్పటి వాడుక మాత్రం కొంచెం తిరకాసు. బ్రిటన్‌లో ఈ మాట ఎక్కువగా కాదు, లేదు అనే మాటలతో కలిపి వెటకారంగా వాడతారు. ఒక స్టూడెంట్ లెస్టర్‌లో ఎమ్మెస్ చేస్తూ అద్దెకి ఇల్లు చూసుకుంటుంటే, తోటి ఉద్యోగిని ఆ ఏరియా పేరు విని "నాట్ ది మోస్ట్ సలూబ్రియస్ పార్ట్ ఆఫ్ టౌన్" అందట. ఈ అబ్బాయి నాకు మెసేజ్ పెట్టాడు, సార్ అక్కడ పొల్యూషన్ ఎక్కువంటోంది, మాస్క్ పెట్టుకుంటే సరిపోతుందా అని. నాయనా, పొల్యూషన్ కాదు, అక్కడ తాగుబోతులు, దొంగతనాలు ఉన్నాయని ఆవిడ మర్యాదగా చెప్పింది, రాత్రిళ్ళు ఒంటరిగా తిరక్కు అని చెప్పా. ఇన్‌సలూబ్రియస్ అన్నా ఇదే పని చేస్తుంది, మురికి, పోకిరీతనం, పరువు తక్కువ చోటు అన్నీ కలిపి.

మన దగ్గర పరిస్థితి వేరు, ఇక్కడ వెటకారం లేదు, వెంచర్ల బ్రోచర్లలో సీరియస్‌గానే వాడతారు. ఒక వెంచర్ వాళ్ళ బ్రోచర్ నా దగ్గరికి తెలుగు చెయ్యడానికి వచ్చింది, సలూబ్రియస్ సరౌండింగ్స్ అని పెద్ద అక్షరాల్లో ఉంది. సైటు నేను చూశా, వెనక ప్రహరీకి ఆనుకుని నాలా, గుర్రపుడెక్క నిండా, సాయంత్రం ఐదు దాటితే కిటికీ తీయలేం. వారో చెప్పిన పక్కాయన జవాబు నాలుక దాకా వచ్చింది గానీ పేమెంట్ రావాలి కాబట్టి "ఆహ్లాదకర పరిసరాలు" అని రాసిచ్చి వచ్చా.

పరీక్షకి ఇంకో జంట చూసుకోండి, సలూబ్రియస్, సాల్యుటరీ. రెండూ సలూస్ పిల్లలే, రెండిటికీ మేలు చేసేది అనే అర్థం, కానీ పనిచేసే చోట్లు వేరు. సలూబ్రియస్ ఒంటికి, సాల్యుటరీ బుద్ధికి, వ్యవస్థకి. చేదుగా ఉన్నా మంచి చేసేదాన్ని సాల్యుటరీ అంటారు, సాల్యుటరీ లెసన్ అంటే దెబ్బ తగిలి నేర్చుకున్న పాఠం. మన కోర్టు తీర్పుల్లో సాల్యుటరీ ప్రిన్సిపుల్, సాల్యుటరీ ప్రొవిజన్ అని కొల్లలుగా ఉంటాయి. ఖాళీ నింపే ప్రశ్నలో కొండలు, సముద్రపు గాలి, ఎండ కనపడితే సలూబ్రియస్, హెచ్చరిక, శిక్ష, అనుభవం కనపడితే సాల్యుటరీ. సేన్, శానిటరీ, శానటోరియం మాత్రం సానుస్ అనే వేరే లాటిన్ మాటవి, దానికి అర్థం ఆరోగ్యంగా ఉన్న మనిషి, అంటే మీ తాతగారికి లాటిన్‌లో వాడాల్సింది అది.

ఇక మీ ఎస్‌ఓపీ. సలూబ్రియస్ అకడమిక్ ఎన్విరాన్‌మెంట్ అంటే చదివే ప్రొఫెసర్‌కి తట్టేది ఆ యూనివర్సిటీ క్యాంపస్‌లో గాలి బాగుంటుందని, అడ్మిషన్ అడిగే కుర్రాడు ఊపిరితిత్తుల కోసం వస్తున్నాడా అనుకుంటారు. మీరు చెప్పదలుచుకున్నది అక్కడ పరిశోధనకి ప్రోత్సాహం ఉంటుంది అని అయితే సపోర్టివ్ అనండి, లేదా అసలు విశేషణమే తీసేసి ఆ డిపార్ట్‌మెంట్‌లో మీకు పనికొచ్చే ల్యాబ్ ఏదో, ఏ ప్రొఫెసర్ దగ్గర ఏ టాపిక్ మీద చెయ్యాలనుకుంటున్నారో ఆ పేరు రాయండి, అది ఎక్కువ పనిచేస్తుంది. వర్డ్ లిస్టు మాటలు ఎస్‌ఓపీలో ఇంకేమైనా ఇరికించి ఉంటే ఆ వాక్యాలు కూడా కింద కామెంట్‌లో పెట్టండి, చూసి చెప్తా.